తొలినాటి చర్చి, తొలినాటి మసీదు



మీ ఊళ్లోనో, పక్క ఊళ్లోనో ఒక పాత చర్చి, ఒక పాత మసీదు ఉండే ఉంటాయి. ఒక్కసారి వాటిని మనసులోకి తెచ్చుకోండి. చర్చి సాధారణంగా నిలువుగా, పొడుగ్గా ఉంటుంది. వాకిలి దాటి లోపలికి అడుగు పెడితే చూపు తిన్నగా ఆ చివరనున్న బలిపీఠం మీదికి పోతుంది. మసీదు తీరు వేరు. లోపలికి వెళ్లగానే కాస్త దూరంలోనే ఎదురుగా గోడ కనిపిస్తుంది. హాలు మాత్రం మన కుడిచేతి వైపు, ఎడమచేతి వైపు బారలు చాచుకొని ఉంటుంది. ఒకటి నిలువు, ఒకటి అడ్డం. ఈ తేడా ఎందుకు వచ్చింది? కట్టించినవాళ్ల ఇష్టాన్ని బట్టి వచ్చిందా, లేక దీని వెనక మరేదైనా కారణం ఉన్నదా?

మన ప్రాంతపు చర్చిలూ మసీదులూ చాలా కాలం తర్వాత కట్టినవి. అప్పటికే వాటి తీరు ఎక్కడో స్థిరపడిపోయింది. అందుకని ఇవాళ మనం ఆ తీరు పుట్టిన చోటికి, అంటే రోమ్, సిరియా, పాలస్తీనా, అరేబియా దేశాలకు వెళ్దాం. కాలం క్రీస్తు శకం 3వ శతాబ్దం మొదలు 8వ శతాబ్దం దాకా.

ముందుగా ఈ రెండు కట్టడాలకూ ఉన్న పోలిక చెప్పుకోవాలి. మన గుళ్లలో గర్భగుడి చిన్నది. అక్కడ దేవుడుంటాడు, అర్చకుడు వెళ్తాడు. జనం మండపంలోనో, ప్రాకారంలోనో నిలబడి దర్శనం చేసుకుంటారు. ప్రాచీన గ్రీకుల గుళ్లు, రోమన్ల గుళ్లు కూడా ఒక విధంగా ఇలాంటివే. లోపలి గది దేవతా విగ్రహానిది. బలి ఇచ్చే పీఠం గుడి ముందు ఆరుబయట ఉండేది. పండగనాడు జనమంతా చేరేది ఆ పీఠం చుట్టూనే. గుడి అందమంతా బయటి స్తంభాల్లో ఉండేది, ఎందుకంటే చూసేవాళ్లు బయటే ఉండేవాళ్లు.

క్రైస్తవులకు ఇలాంటి గుడి పనికిరాలేదు. వాళ్ల ఆరాధనలో ముఖ్యమైన పని అందరూ ఒకచోట చేరి గ్రంథపఠనం వినడం, ప్రభువు పేరిట రొట్టె, ద్రాక్షరసం కలిసి తీసుకోవడం. తర్వాత వచ్చిన ముస్లింల అవసరమూ ఇలాంటిదే. రోజూ చేసే నమాజు ఒంటరిగానైనా చేసుకోవచ్చు గాని, శుక్రవారం మధ్యాహ్నపు నమాజు జనమంతా కలిసి చేయాలి, ప్రసంగం వినాలి. కాబట్టి ఇద్దరికీ కావలసింది మనుషులు కూడడానికి ఒక పెద్ద చావడి. ఇద్దరూ దాన్ని మొట్టమొదట వెతుక్కున్నది ఎక్కడో తెలుసా? మామూలు ఇళ్లలో!

క్రైస్తవుల ఇంటి సంగతి ముందు చూద్దాం. సిరియాలో యూఫ్రటీస్ నది ఒడ్డున దూరా యూరోపోస్ అని ఒక పట్టణం ఉండేది. రోమన్ సైన్యం కాపలా కాసిన సరిహద్దు పట్టణం అది. 256 ప్రాంతంలో పారశీక సైన్యాలు ముట్టడించినప్పుడు, పడమటి కోటగోడను బలపరచడానికి దాన్ని ఆనుకొని ఉన్న ఇళ్లన్నిటినీ మట్టితో పూడ్చేశారు. అయినా పట్టణం పడిపోయింది, మళ్లీ లేవలేదు. కాని ఆ మట్టి కిందనున్న ఇళ్లు మాత్రం చెక్కుచెదరకుండా నిలిచాయి. 1930 దశకం మొదట్లో పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వితే వాటిలో ఒక చర్చి బయటపడింది.

అది వీధిలోంచి చూస్తే ఇల్లే. మధ్యలో ముంగిలి, చుట్టూ గదులు. క్రైస్తవులు రెండు గదుల మధ్య గోడ తీసేసి ఒక హాలు చేసుకున్నారు. ఒక కొసన చిన్న అరుగు కట్టారు. అక్కడ కూర్చొని పెద్దలు బోధించేవారు కాబోలు. మహా అయితే 60, 70 మంది పట్టే చోటు. మరో చిన్న గదిలో బాప్తిస్మం ఇవ్వడానికి తొట్టి, గోడల మీద బొమ్మలు. పక్షవాతం వచ్చినవాడు బాగుపడి తన మంచం తానే మోసుకుపోవడం, యేసు నీళ్ల మీద నడవడం, గొర్రెను భుజాన వేసుకున్న కాపరి. క్రైస్తవ చిత్రకళలో మనకు దొరికిన అతి పాత బొమ్మల్లో ఇవీ కొన్ని. వాటిని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి తరలించారు. 2011లో సిరియాలో అంతర్యుద్ధం మొదలైన తర్వాత ఆ ప్రదేశమంతా దొంగ తవ్వకాలతో గుంటలు పడిపోయింది. ముందే తరలిపోయిన ఆ బొమ్మలు ఆ గతి తప్పించుకున్నాయి.

ఇక 313లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రైస్తవులకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చాడు. రాజాదరణ దొరికింది, జనం పెరిగారు. ఇల్లు చాలదు. పాత దేవతల గుడి తీరు వద్దు. అప్పుడు వాళ్ల చూపు బసిలికా మీద పడింది. బసిలికా అంటే రోమన్ నగరాల్లో ఊరుమ్మడి భవనం. న్యాయస్థానమూ అదే, వర్తకుల బేరసారాల చోటూ అదే. పొడవైన హాలు, రెండు వైపులా స్తంభాల బారులు, ఆ బారులకు అవతల నడవలు, పైన చెక్క కప్పు. కొసన అర్ధచంద్రాకారంలో లోపలికి పోయిన పెద్ద గూడు. అందులో ఎత్తయిన పీట మీద న్యాయాధికారో, సాక్షాత్తు చక్రవర్తో కూర్చునేవాడు. అలాంటి దర్బారు హాలు ఒకటి జర్మనీలోని ట్రియర్ నగరంలో ఈనాటికీ ఉంది. సుమారు 67 మీటర్ల పొడవు. 19వ శతాబ్దం నుంచి అది చర్చిగా వాడుకలో ఉండడం ఒక విశేషం.

క్రైస్తవులు ఈ బసిలికాను తీసుకొని ఒక పని చేశారు. వాకిలిని ఒక కొసకు, బలిపీఠాన్ని రెండో కొసకు చేర్చారు. మధ్యలో పొడవాటి దారి ఏర్పడింది. గురువులు దీపాలతో, గ్రంథంతో ఊరేగింపుగా వచ్చేది ఆ దారినే. బాప్తిస్మం తీసుకున్నవాడు రొట్టె అందుకోవడానికి నడిచేదీ ఆ దారినే. న్యాయాధికారి కూర్చున్న గూటిలో ఇప్పుడు బిషప్పు కూర్చున్నాడు, ఆయన తల పైన గూటి కప్పులో క్రీస్తు చిత్రం వెలిసింది. రోమ్‌లో 422, 432 మధ్య కట్టిన సాంతా సబీనా చర్చిలోకి ఇవాళ వెళ్లినా ఈ పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది. అటు పన్నెండు, ఇటు పన్నెండు, మొత్తం 24 పాలరాతి స్తంభాలు. ఆ స్తంభాలు చర్చి కోసం చెక్కినవి కావు. ఏదో పాత రోమన్ కట్టడం నుంచి తెచ్చి నిలబెట్టినవి. ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీనితో మళ్లీ పని ఉంది.

ఇప్పుడు అరేబియాకు వెళ్దాం. 622లో మహమ్మద్ ప్రవక్త మక్కా విడిచి మదీనా చేరారు. ఇదే హిజ్రీ శకానికి మొదలు. అక్కడ ఆయన కట్టించిన మసీదు గురించి సంప్రదాయ చరిత్రలు చెప్పేది ఇది. చుట్టూ పచ్చి ఇటుకల గోడ, లోపల విశాలమైన ముంగిలి, ఒక పక్కన ప్రవక్త కుటుంబానికి చిన్న చిన్న గదులు. నమాజు చేసే వైపు ఖర్జూరపు మొద్దులు పాతి, పైన ఖర్జూరపు మట్టలు కప్పి, మట్టి మెత్తారు. అంటే మన భాషలో చెప్పుకోవాలంటే పందిరి. ఎండ తగలకుండా ఒక నీడ, అంతే. మొదట జెరూసలేం వైపు, అంటే ఉత్తరానికి తిరిగి నమాజు చేసేవారు. 624లో మక్కా వైపు తిరగమని ఆదేశం వచ్చింది. మక్కా మదీనాకు దక్షిణాన ఉంది. పందిరి దక్షిణపు గోడకు వేశారు. ఉత్తరపు నీడ ఇల్లూ వాకిలీ లేని పేదలకు ఆశ్రయమైంది.

మసీదు తీరుకు బీజం ఈ ముంగిట్లోనే ఉంది. మస్జిద్ అంటే సాష్టాంగపడే చోటు. నమాజుకు నిలబడేవాళ్లు భుజానికి భుజం తగిలేలా వరుస కడతారు. వరుసలో ముందు వచ్చినవాడు ముందుంటాడు గాని, దొర అనీ బంటు అనీ లేదు. మొదటి వరుసలో నిలబడడం పుణ్యమని నమ్మకం. మరి మొదటి వరుసలో ఎక్కువమందికి చోటు దొరకాలంటే ఏం చేయాలి? హాలును అడ్డంగా పెంచాలి. ఊరేగింపు లేదు, బలిపీఠం లేదు, కాబట్టి నిలువు దారితో పని లేదు. అందరి ముఖాలూ తిరగవలసింది ఒక్క గోడ వైపు. దాన్నే ఖిబ్లా గోడ అంటారు. ఆ గోడ ఎంత వెడల్పుంటే అంత మేలు.

శ్రోతలారా, మనం మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇదే. చర్చిలో మనిషి ఒక చోటికి నడుస్తాడు. మసీదులో మనిషి ఒక దిక్కుకు నిలబడతాడు. నడకకు నిలువు చోటు కావాలి, వరుసకు అడ్డ చోటు కావాలి. మిగతాదంతా దీని చుట్టూ అల్లుకున్నదే.

ప్రవక్త తర్వాత కొద్ది సంవత్సరాలలోనే అరబ్బులు సిరియా, పాలస్తీనా, ఈజిప్టు, ఇరాక్ దేశాలను జయించారు. ఇరాక్‌లో కూఫా అనే కొత్త పట్టణం వేసినప్పుడు మసీదు హద్దులు ఎలా నిర్ణయించారో చరిత్రకారుడు తబరీ రాశాడు. ఒక విలుకాడిని మధ్యలో నిలబెట్టి నాలుగు వైపులా బాణాలు వేయించారట. బాణాలు పడ్డ చోటు హద్దు. అక్కడ ఎవరి కట్టడమూ అడ్డం లేదు. కాని సిరియా, పాలస్తీనాలలో సంగతి వేరు. అక్కడ ప్రతి ఊరి నడిమధ్యా ఘనమైన చర్చిలు నిలిచి ఉన్నాయి. కొత్తగా వచ్చిన పాలకులు వాటిని ఏం చేయాలి? ఈ ప్రశ్నకు ఆ కాలంలో ఒకటి కాదు, మూడు రకాల జవాబులు వినిపిస్తాయి.

మొదటిది ఖలీఫా ఉమర్ పేరిట చెప్పుకునే కథ. 638 ప్రాంతంలో జెరూసలేం లొంగిపోయినప్పుడు ఆయన అక్కడికి వచ్చాడు. క్రీస్తు సమాధి మీద కాన్‌స్టంటైన్ కట్టించిన చర్చిలో ఉండగా నమాజు వేళయింది. ఇక్కడే చేసుకోమన్నాడు అక్కడి మతాధిపతి. ఉమర్ ఒప్పుకోలేదు. బయటికి వచ్చి మెట్ల మీద ఒంటరిగా నమాజు చేశాడు. తాను లోపల చేస్తే, ఇక్కడ ఉమర్ నమాజు చేశాడని చెప్పి రేపు తనవాళ్లు ఈ చర్చిని తీసేసుకుంటారని ఆయన భయం. ఈ కథను 10వ శతాబ్దంలో రాసినవాడు ముస్లిం కాదు, అలెగ్జాండ్రియా నగరపు క్రైస్తవ మతాధిపతి యుటీకియస్. జరిగిన మూడు వందల ఏళ్లకు రాసిన కథ కాబట్టి ప్రతి మాటా నిజమని పట్టుబట్టలేం. కాని ఒక క్రైస్తవుడు ఒక ఖలీఫాను ఇలా గుర్తు పెట్టుకోవాలనుకోవడం గమనించదగ్గ సంగతి.

రెండో జవాబు డమాస్కస్‌లో ఉంది. నగరం మధ్యలో పాత కాలం నుంచీ దేవుడి స్థలంగా పేరుపడ్డ పెద్ద ఆవరణ ఉంది. మొదట అది హదద్ అనే వానదేవుడిది. రోమన్లు వచ్చాక జూపిటర్ గుడి అయింది. 4వ శతాబ్దం చివర క్రైస్తవులు అక్కడ బాప్తిస్మమిచ్చే యోహాను పేర చర్చి కట్టారు. 635లో నగరం ముస్లింల చేతికి వచ్చింది. ఆ తర్వాత సుమారు 70 ఏళ్ల పాటు అదే ఆవరణలో ఒక పక్క చర్చి ఉంది, మరొక పక్క ముస్లింలు నమాజు చేసుకున్నారు. మూడు తరాలు అలా గడిచాయి.

705లో ఖలీఫా అయిన అల్ వలీద్ ఈ పొత్తును ముగించాడు. 706లో చర్చిని పడగొట్టించి, ఆవరణ మొత్తాన్ని కలుపుకొని పెద్ద మసీదు మొదలుపెట్టాడు. 715 నాటికి అది పూర్తయింది. డమాస్కస్ క్రైస్తవులకు అది పెద్ద నష్టం, వాళ్లు దాన్ని మరచిపోలేదు. కొత్త ఖలీఫా ఉమర్ ఇబ్న్ అబ్దుల్ అజీజ్ 717లో గద్దెకు రాగానే ఆయన దగ్గర మొర పెట్టుకున్నారు. ఆయన వాళ్ల మాటలో న్యాయం ఉన్నదని ఒప్పుకున్నాడు. చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, మసీదు మసీదుగానే ఉంటుంది, దానికి బదులుగా నగరం చుట్టుపక్కల తోటల ప్రాంతంలో ముస్లింలు స్వాధీనం చేసుకున్న చర్చిలను క్రైస్తవులకు తిరిగి ఇచ్చేయాలి. పోయినది తిరిగి రాలేదు గాని, అడిగే చోటూ, వినే చెవీ ఉన్నాయి. మూడో జవాబు ఇది.

ఇంతకీ ఆ మసీదు ఎలా ఉంటుంది? ఆవరణ సుమారు 157 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు. ఉత్తరాన విశాలమైన ముంగిలి, దక్షిణాన నమాజు హాలు. హాలు సుమారు 136 మీటర్లు అడ్డంగా సాగుతుంది, లోతు మాత్రం 37 మీటర్లే. లోపల స్తంభాల బారులతో మూడు నడవలు, పైన చెక్కతో వాలు కప్పులు. చర్చిల్లో చూసిన స్తంభాలు, కమానులు, కప్పులే ఇక్కడా ఉన్నాయి. అందుకే ఇది పాత చర్చే అని, ముస్లింలు దాన్ని అలాగే వాడుకున్నారని ఒకప్పుడు కొందరు పండితులు వాదించారు. ఇప్పుడు ఆ వాదం నిలవడం లేదు. హాలు మొత్తం వలీద్ కట్టించినదే అని తేలింది.

మరి చర్చిలా ఎందుకుంది, చర్చి ఎందుకు కాలేదు? మీరు ఒక బసిలికా చర్చిని మనసులో ఊహించుకోండి. మూడు నడవలు పడమటి నుంచి తూర్పుకు పోతాయి. భక్తుడు పడమట ప్రవేశించి తూర్పునున్న బలిపీఠం వైపు నడుస్తాడు. డమాస్కస్ మసీదులో కూడా మూడు నడవలూ పడమటి నుంచి తూర్పుకే ఉన్నాయి. కాని భక్తుడు తూర్పుకు నడవడు. ఉత్తరపు ముంగిలి లోంచి వచ్చి దక్షిణానికి, మక్కా వైపుకు తిరిగి నిలబడతాడు. నడవలు అతనికి దారులు కావు, వరుసలు! మనిషి ఒక్కసారి పక్కకు తిరిగేసరికి అవే స్తంభాలు, అవే కప్పులు చర్చి నుంచి మసీదు అయిపోయాయి. హాలు నట్టనడుమ ఒక ఎత్తయిన అడ్డ నడవ, దాని మీద గుమ్మటం పెట్టి, మక్కా దిక్కును అందరికీ తెలిసేలా చేశారు.

గోడలకు బంగారు తళుకుల మొజాయిక్ పని చేశారు. రంగు గాజు ముక్కలు పొదిగి బొమ్మలు తీర్చే ఈ విద్య బైజాంటియం క్రైస్తవుల చేతిలో పండిన విద్య. డమాస్కస్‌లో కూడా అదే విద్య, అదే తళుకు. కాని వాటిలో ఏమున్నాయి? నది, నది ఒడ్డున పెద్ద పెద్ద చెట్లు, మేడలు, వంతెనలు. మనిషి లేడు, జంతువు లేదు. రాజభవనాల్లో ఆ కాలపు ఖలీఫాలే మనుషుల బొమ్మలు వేయించుకున్నారు. జోర్డాన్‌లో ఖుసైర్ అమ్రా అనే విడిది గోడల మీద వాటిని ఇప్పటికీ చూడవచ్చు. ఆరాధించే చోట మాత్రం బొమ్మ కూడదు. కథను చిత్రంలో చెప్పే పని చర్చిది. మసీదులో ఆ స్థానం అక్షరానికి దక్కింది. ఖురాన్ వాక్యాల అందమైన రాతే అక్కడ అలంకారమైంది. ఇంకొక మాట. విగ్రహాలూ బొమ్మలూ ఉండాలా వద్దా అన్న తగవు ఒక్క ముస్లింలదే అనుకోకూడదు. 8, 9 శతాబ్దాల్లో బైజాంటియం క్రైస్తవులు కూడా దీని మీద వంద ఏళ్లకు పైగా కొట్లాడుకున్నారు. 843లో గాని అది బొమ్మల పక్షాన తేలలేదు.

డమాస్కస్ మసీదు దక్షిణపు గోడలో మూసివేసిన పాత వాకిలి ఒకటుంది. దాని పైన క్రీస్తు రాజ్యం శాశ్వతమని కీర్తించే గ్రీకు శాసనం ఇప్పటికీ ఉంది, ఎవరూ చెరిపివేయలేదు. లోపల నమాజు హాల్లో యోహాను శిరస్సు ఉన్నదని నమ్మే సమాధి మందిరం ఉంది. ముస్లింలు ఆయన్ని యహ్యా ప్రవక్త అని గౌరవిస్తారు. 2001 మే నెలలో పోప్ రెండవ జాన్ పాల్ అక్కడికి వచ్చి ఆ సమాధి వద్ద నిలబడ్డాడు. పోప్ ఒక మసీదులో అడుగు పెట్టడం చరిత్రలో అదే మొదటిసారి.

ఇంతవరకు జనం కూడే చావడి గురించి చెప్పుకున్నాం. ఇంకొక తరహా కట్టడం ఉంది. ఒక పవిత్రమైన చోటును మధ్యలో పెట్టుకొని, చుట్టూ తిరిగి చూడడానికి కట్టేది. ప్రదక్షిణ మనకు కొత్త కాదు గనుక ఇది మీకు సులువుగానే అర్థమవుతుంది. క్రైస్తవులు ఇలాంటి చోట్ల గుండ్రంగా గాని, ఎనిమిది పలకలుగా గాని కట్టేవారు. జెరూసలేంలో క్రీస్తు సమాధి మీద గుండ్రటి కట్టడం లేచింది. జెరూసలేం నుంచి బెత్లెహేంకు పోయే దారిలో, నిండు చూలాలు మరియమ్మ అలసి ఒక బండ మీద కూర్చున్నదని నమ్మే చోట 5వ శతాబ్దంలో ఎనిమిది పలకల చర్చి కట్టారు. దాని పునాదులు 1992లో బయటపడ్డాయి. మధ్యలో ఆ బండ, చుట్టూ రెండు వలయాలు.

691, 692 ప్రాంతంలో వలీద్ తండ్రి ఖలీఫా అబ్దుల్ మాలిక్ జెరూసలేం గుట్ట మీద కట్టించిన బండరాతి గుమ్మటం సరిగ్గా ఈ తరహాదే. మధ్యలో సహజమైన బండ, చుట్టూ ఎనిమిది పలకల్లో రెండు వలయాలు, నడుమ గుమ్మటం. గుమ్మటం వెడల్పు సుమారు 20 మీటర్లు. అదే నగరంలో క్రీస్తు సమాధి మీది గుమ్మటం కూడా దాదాపు అంతే. ఇది కాకతాళీయం కాదు. జెరూసలేంలోనే పుట్టిన 10వ శతాబ్దపు భూగోళవేత్త ముఖద్దసీ ఈ సంగతి దాచలేదు. ఇన్ని డబ్బులు మసీదు కట్టడానికి ఎందుకు తగలేశారని చిన్నతనంలో ఆయన తన పినతండ్రిని అడిగాడట. సిరియా క్రైస్తవుల దేశం, వాళ్ల చర్చిలు కళ్లు చెదిరేలా ఉన్నాయి, మనవాళ్ల మనసు వాటి వైపు పోకూడదని కట్టారు నాయనా అన్నది ఆయన జవాబు. పొరుగువాడి ఇంటిని చూసి కట్టుకోవడంలో మెచ్చుకోలు ఉంది, పోటీ కూడా ఉంది.

ఆ పోటీ లోపలి రాతలో తెలుస్తుంది. వలయం పొడవునా బంగారు మొజాయిక్‌లో సుమారు 240 మీటర్ల శాసనం ఉంది. అందులో యేసును దేవుని ప్రవక్తగా, మరియమ్మ కుమారుడుగా గౌరవంతో తలచుకుంటూనే, దేవుడికి కొడుకు లేడని తేల్చి చెప్పారు. ఆకారం క్రైస్తవులకు అలవాటైనదే, మాట మాత్రం ముస్లింలది. ఈ శాసనానికి ఒక తమాషా కూడా తోడైంది. నూట ఇరవై ఏళ్లకు పైగా గడిచాక ఖలీఫా మామూన్ అబ్దుల్ మాలిక్ పేరు తీయించి తన పేరు వేయించుకున్నాడు. కాని హిజ్రీ 72 అన్న సంవత్సరాన్ని మార్చడం మరచిపోయారు. అసలు కట్టినవాడెవరో ఆ అంకె చెప్పేసింది!

ఇచ్చిపుచ్చుకోవడం ఒక్క వైపే సాగలేదు. మక్కా దిక్కును చూపడానికి ఖిబ్లా గోడలో మిహ్రాబ్ అనే గూడు ఉంటుంది కదా, తొలి మసీదుల్లో అది లేదు. 707, 709 మధ్య వలీద్ మదీనా మసీదును తిరిగి కట్టించినప్పుడు మొదటిసారి గూడు రూపంలో వచ్చిందంటారు. ఆ పనిలో బైజాంటియం పనివాళ్లు, ఈజిప్టు క్రైస్తవులైన కోప్టులు పాల్గొన్నారని 9వ శతాబ్దపు చరిత్రకారుడు బలాదురీ రాశాడు. ఇది చర్చి గూడులా ఉన్నదని గొణిగినవాళ్లు ముస్లింలలోనే ఉన్నారు. కాని చర్చి గూట్లో బిషప్పు కూర్చుంటాడు, బొమ్మ ఉంటుంది. మిహ్రాబ్ ఖాళీగా ఉంటుంది. అది చూపుడు వేలు లాంటిది. వేలు చూపిన దిక్కే అక్కడ ముఖ్యం.

స్పెయిన్‌లోని కొర్డోవా మసీదు చరిత్ర దీనికి తిరగేసిన కథ. 785 ప్రాంతంలో మొదలైన ఆ మసీదులో పాత రోమన్ స్తంభాలు అడవిలా నిలబడి ఉంటాయి. సాంతా సబీనాలో విన్నారే, అలాగే పాత కట్టడాల నుంచి తెచ్చినవే. పొట్టిగా ఉన్నాయని వాటి మీద ఒకదానిపై ఒకటిగా రెండేసి కమానులు ఎక్కించి కప్పును పైకి లేపారు. 1236లో క్రైస్తవ రాజులు నగరాన్ని గెలిచి దాన్ని చర్చి చేశారు. 1523లో ఆ స్తంభాల నడుమ కొన్నిటిని తొలగించి, మసీదు నడవలకు అడ్డంగా పెద్ద కెథడ్రల్ మొదలుపెట్టారు. డమాస్కస్‌లో పక్కకు తిరిగిన మనిషి కొర్డోవాలో మళ్లీ ఇటు తిరిగాడన్నమాట.

ఇస్తాంబుల్‌లోని హేజియా సోఫియాలో కూడా ఈ తిరగడం కళ్లకు కడుతుంది. జస్టీనియన్ చక్రవర్తి 532, 537 మధ్య కట్టించిన చర్చి అది. సుమారు 31 మీటర్ల గుమ్మటం. 1453లో మసీదు అయింది, 1930 దశకంలో మ్యూజియం అయింది, 2020లో మళ్లీ మసీదు అయింది. చర్చి గూడు ఆగ్నేయం వైపు తిరిగి ఉంటుంది. మక్కా అంతకంటే కొంచెం దక్షిణానికి ఉంది. అందుకని మిహ్రాబ్‌ను గూడు నడిమధ్య పెట్టలేక కొద్దిగా పక్కకు జరిపి పెట్టారు. కింద నమాజు వరుసలు ఆ పెద్ద హాల్లో కాస్త ఏటవాలుగా వేస్తారు. ఎంత గొప్ప కట్టడమైనా మనిషి మొగ్గే దిక్కును మార్చలేకపోయింది.

ఇప్పుడు తిరిగి మన ఊళ్లకు వద్దాం. మక్కా మనకు పడమట ఉంది కాబట్టి మన మసీదుల ఖిబ్లా గోడ పడమటి గోడే. పాత చర్చిల్లో చాలా వాటి బలిపీఠం తూర్పున ఉంటుంది. ఈసారి అటు వెళ్లినప్పుడు గమనించండి. కర్ణాటకలో ఉన్న శ్రోతలకు కలబురగి, అంటే పాత గుల్బర్గా, కోట దగ్గరే. అక్కడ బహమనీ సుల్తానుల కాలపు జామా మసీదు ఉంది. మసీదుకు ఉండే ఆరుబయటి ముంగిలి దానికి లేదు. మొత్తానికి మొత్తం చిన్న చిన్న గుమ్మటాలతో కప్పేశారు. మన దేశంలో ఇలాంటిది చాలా అరుదు. లోపల కమానుల బారుల మధ్య నిలబడి, నిలువేది, అడ్డమేది, వరుస ఏ గోడకు తిరుగుతుంది అని చూసుకోండి. మదీనా పందిరి గుర్తుకు వస్తుంది.

ఫలానా స్తంభం ఎవరిది, ఫలానా రాయి ఎవరి గుడిది అన్న తగవులు మనం తరచూ వింటూనే ఉంటాం. ఆ తగవుల్లో కొన్నిటి వెనక నిజమైన బాధ ఉంటుంది. డమాస్కస్ క్రైస్తవుల బాధ అలాంటిదే. దాన్ని లేదనకూడదు. అయితే కట్టడాన్ని అర్థం చేసుకోవడానికి రాయి ఎక్కడిదన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఆ రాళ్ల మధ్య మనిషి ఏం చేస్తున్నాడు, ఎటు తిరుగుతున్నాడు, పక్కవాడితో ఎలా నిలబడుతున్నాడు అని కూడా అడగాలి.

ఈ సంగతి హోసూరులో, బళ్లారిలో, రాయగడలో, చంద్రపూరులో తెలుగు మాట్లాడుకునే మీకు నేను చెప్పాలా? మన తెలుగులోకి కన్నడం నుంచి, అరవం నుంచి, ఒడియా నుంచి, మరాఠీ నుంచి ఎన్ని మాటలు రాలేదు! మాట పొరుగుదే, కాని దాన్ని కూర్చి చెప్పే వాక్యం మనది. విన్నవాడెవడూ అది తెలుగు కాదనడు. తొలినాటి చర్చి రోమన్ల స్తంభాలతో తన వాక్యం చెప్పుకుంది. తొలినాటి మసీదు ఆ రోమన్ల స్తంభాలతోనూ, చర్చి చేతిపనితోనూ తన వాక్యం చెప్పుకుంది. రెండు వాక్యాలూ వేరు. రెండింటినీ విడివిడిగా, శ్రద్ధగా వినడం మనం నేర్చుకోగలిగితే మేలు.